రెండు పూటల పుక్కిలింత

సీసా మూత సరిగా బిగించి లేదు. అల్లుడు సబ్బు కోసం చెయ్యి చాపేసరికి మోచెయ్యి తగిలి, అత్తగారి గులాబీ రంగు మందు వాష్‌బేసిన్‌లో బోర్లా పడింది. ఎత్తేలోపు అడుగున నాలుగు చుక్కలు మిగిలాయి. ఘాటు వాసన కూడా రాలేదు. పదేళ్లుగా పెయింటు షాపులో పనిచేస్తున్న ముక్కు, దానికి వాసనలు తెలియడం మానేసి చాలాకాలమైంది.

అత్తగారికి చిగుళ్ల ఆపరేషనై ఐదు రోజులు. కుట్లున్నంత కాలం ఆ వైపు బ్రష్షు తగలకూడదు, రెండు పూటలా ఈ మందు పుక్కిలించడమే దిక్కని డాక్టరు ఒకటికి రెండుసార్లు చెప్పాడు. ఆఫీసు శిక్షణకని పది రోజులు ఊరెళ్తూ భార్య కూడా అదే అప్పగించింది. "మందుల దగ్గర మా అమ్మ చిన్నపిల్లే. నువ్వే దగ్గరుండి చూడాలి."

ఆదివారం. మందుల షాపు మూసేశారు. ఈ పూట ఎలాగో గట్టెక్కితే రేపు కొత్తది తేవచ్చు. ఏ రంగు చూపించినా అచ్చం అలాంటిదే కలిపిచ్చే చెయ్యి అతనిది. షాపులో అందరూ అతన్ని 'షేడ్‌కార్డు' అనే పిలుస్తారు. అత్తగారేమో కాలేజీ క్యాంటీన్‌లో పెద్ద వంటమనిషి. వంటింట్లో ఆవిడ డబ్బాలో, కేకుల్లో వేసే ఎర్రరంగు పొట్లం ఒకటి విప్పే ఉంది. గోరంత పొడి, సీసాడు కాచి చల్లార్చిన నీళ్లు. మొదటి దెబ్బకే రంగు కుదిరింది. చేసింది వెధవపనే అయినా, పనితనానికి కాస్త మురిసిపోయాడు.

సాయంత్రం అత్తగారు పుక్కిలించి మొహం చిట్లించింది.

"ఎలా ఉందత్తయ్యా?"

"ఎలా ఉంటుంది బాబూ, మందులాగే ఉంది. వట్టి చేదు."

అతనికి ప్రాణం లేచొచ్చింది. ఆ వెంటనే సిగ్గేసింది.

"ఉప్పు తెలుస్తోందా? మొదటి రెండు రోజులూ ఈ మందుతో నాలుక మొద్దుబారిందని గొడవ చేశారుగా."

"ఇప్పుడు పర్లేదులెండి, అలవాటైపోయింది. రేపట్నుంచి మళ్లీ మూడొందల మందికి వండాలి. ఉప్పు తెలియని వంటమనిషిని ఎవరుంచుకుంటారు? నా గరిటె అందుకోడానికి అక్కడ ఇంకొకావిడ కాచుక్కూచుంది."

సోమవారం షాపులో తీరిక దొరకలేదు. మంగళవారం కొత్త సీసా కొన్నాడు. కొన్నాక కొత్త భయం పట్టుకుంది. ఇన్నిసార్లు నీళ్లు పుక్కిలించిన నోటికి ఇప్పుడు అసలు మందు తగిలితే తేడా తెలిసిపోదూ? అసలే వంటమనిషి నాలుక. సీసా షాపులోనే, రంగు డబ్బాల వెనకాల ఉండిపోయింది. ఆవిడ మాత్రం రెండు పూటలా అతని ఎదుటే నిలబడి, నిమిషం లెక్కపెట్టుకుని మరీ పుక్కిలించేది. అది చూసినప్పుడల్లా అతను చూపు తిప్పుకునేవాడు.

శుక్రవారం డాక్టరు ఆవిడ నోరు చూసి పెదవి విరిచాడు.

"చీము పట్టిందమ్మా. మాత్రలకి లొంగకపోతే మళ్లీ కోయాలి. రెండు పళ్లు పోయినా పోతాయి. మందు పుక్కిలిస్తున్నారా?"

"ఒక్క పూట తప్పలేదు డాక్టరుగారూ. కావాలంటే మా అల్లుణ్ణి అడగండి."

దొంగకు తేలు కుట్టినట్టయింది అతని పని. నేలచూపులు చూస్తూ తలూపాడు.

బయట బల్ల మీద కూర్చున్నాక ఇక ఆగలేకపోయాడు.

"అత్తయ్యా, పాపం నాది. ఆదివారం మీ మందంతా ఒలకబోశాను. చెప్పడానికి భయమేసి సీసాలో రంగునీళ్లు పోసి పెట్టాను. ఐదు రోజులుగా మీరు పుక్కిలిస్తున్నది ఆ నీళ్లే. మీ పళ్లు పోతే అది నావల్లే. మీ అమ్మాయికి నేనే చెప్తాను. మీరు ఎన్ని తిట్టినా పడతాను."

ఆవిడ తిట్టలేదు. అతని చెయ్యి పట్టుకుంది గానీ, తల మాత్రం ఎత్తలేదు.

"మీరు ఒలకబోసింది కూడా నీళ్లే బాబూ."