కుంకం చుక్కలు

ఇప్పుడు ప్రతి ఇంట్లోనూ గొంతుపెట్టె ఉంది. సంగీత భాండాగారానికి ఇచ్చిన స్వరాల కాగితాలను చూసి, రాసినవాళ్ల గొంతుతోనే పాడుతుంది. చనిపోయిన మా అమ్మ కాగితాలు మేమూ ఇచ్చాం.

బియ్యం కడుగుతూ అమ్మ పాట పెట్టాను. నాలుగేళ్ల నా కూతురు లాస్య గొంతు కలిపింది. కాసేపటికే దాని ముఖం కందిపోయింది.

"ఊపిరి తీసుకోవే!" అని అరిచాను.

"అమ్మమ్మ తీసుకోవట్లేదుగా!" అంది రొప్పుతూ.

నిజమే, పెట్టె ఎక్కడా ఆగడం లేదు. భయపడి భాండాగారానికి ఫోన్ చేశాను.

"ఊపిరి తీసుకోవాల్సిన చోటల్లా అమ్మ కాగితం మీద కుంకం చుక్క పెట్టుకునేదండీ. అవేమయ్యాయి?"

"అయ్యో, దసరా పూజలో పెట్టిన బొట్లనుకున్నాం తల్లీ! కాగితాలన్నీ శుభ్రంగా తుడిచేశాం," అంది అక్కడి ఉద్యోగిని. "ఎక్కడెక్కడో చెప్పండి, మళ్లీ పెట్టిస్తాను."

నేనేం చెప్పను? నన్ను బడి మాన్పించిన ఏడే నాన్న, అమ్మ దగ్గర నేర్చుకుంటున్న పాట కూడా మాన్పించాడు.

పెట్టె తీసేద్దామంటే, లాస్యకు అమ్మ పాట నేర్పడానికి ఇంకెవరూ లేరు. అందుకే పిల్ల పాడినంతసేపూ మీట మీద వేలుంచి, దాని ముఖమే చూస్తూ కూర్చుంటున్నాను. కాస్త ఎర్రబడగానే అమ్మను ఆపేస్తున్నాను.