నల్ల జాకెట్లతో కూర్చున్న మనిషి

"మీకు ఇక్కడ ఏమీ అమ్మను," అంది రోజ్దా.

బేకరీ కౌంటరు ముందు నిలబడ్డ పెద్దాయన, జేబులో పెట్టబోయిన చేతిని ఆపేశాడు.

"ఎందుకమ్మా?"

"ఫుట్‌బాల్ మైదానం దగ్గర ఆ నల్ల జాకెట్ల కుర్రాళ్ళతో రోజూ కూర్చునేది మీరే కదా. నా కొట్టు అద్దం పగలగొట్టింది వాళ్ళే."

"తెలుసు."

"తెలిసి కూడా వాళ్ళకి కాఫీ పోస్తున్నారా?"

"నేను పోయకపోతే వాళ్ళ నాయకుడు బీరు పోస్తాడమ్మా."

ఆమెకు అది వెటకారంలా తోచింది. తలుపు తీసి పట్టుకుంది. ఆయన మంచులో మెల్లగా నడుచుకుంటూ వెళ్ళిపోయాడు.

పేరు టోర్‌స్టెన్. ఆ శీతాకాలమే ఊళ్ళోకి వచ్చాడు. అంతకు మించి ఎవరికీ తెలియదు.

మంచు కరిగాక కబురొచ్చింది. వలస వచ్చినవాళ్ళంతా స్వీడన్ వదిలిపోవాలంటూ ఆ నాయకుడు ఊరేగింపు తీస్తాడట, తనూ వలస వచ్చినదే అయిన రోజ్దా బేకరీ ముందు నుంచే.

"శనివారం కొట్టు తెరవకు," అంది పక్కింటి గున్‌వోర్.

"తెరుస్తాను. బన్నులు కూడా ఎక్కువ చేస్తాను."

శనివారం రోజ్దాకి అండగా బేకరీ ముందు ఇసుక వేస్తే రాలనంత జనం. ఉక్కు ఫ్యాక్టరీ కార్మికులు, చర్చిలో పాడేవాళ్ళు, చంటిపిల్లల బళ్ళు తోసుకుంటూ తల్లులు.

డప్పుతో, జెండాతో నాయకుడు వచ్చాడు. వెనక నలుగురైదుగురు. వాళ్ళూ పొరుగూరి వాళ్ళే.

"మనవాళ్ళేరీ?" అని గదమాయించాడు.

పక్క సందులోంచి వచ్చారు కుర్రాళ్ళు. ఒంటిమీద ఆ నల్ల జాకెట్లు లేవు. తిన్నగా వచ్చి రోజ్దా పక్కన నిలబడ్డారు.

"అద్దం పగలగొట్టింది నేనే అక్కా," అన్నాడు మెల్కర్ అనే పొడుగాటి కుర్రాడు. "ఈసారి ఎవడు రాయి విసిరినా ముందు నాకు తగలాలి."

చర్చివాళ్ళు పాట ఎత్తుకున్నారు. వీధి వీధంతా అందుకుంది. డప్పు ఆగిపోయింది. నాయకుడు జెండా చుట్టేసి, వచ్చిన వ్యానులోనే వెళ్ళిపోయాడు.

రోజ్దా నవ్వుతూ, కళ్ళు తుడుచుకుంటూ అందరికీ వేడివేడి దాల్చినచెక్క బన్నులు పంచింది.

"మీ పెద్దాయన ఏరి? ఆయన్ని తిట్టి పంపేశాను. నా చేత్తో పెట్టాలి."

మెల్కర్ తల దించుకున్నాడు.

"పోయిన నెల గుండె ఆగిపోయింది. మేమే మోశాం."

ఆమె చేతిలోని బన్నును తిరిగి పళ్ళెంలో పెట్టింది.

"మీకు ఏమవుతారు?"

"ఏమీ కారక్కా. పక్క జిల్లాలో మా గుంపువాళ్ళు వలసవాళ్ళ హాస్టలుకి నిప్పు పెట్టినప్పుడు, లోపలున్న పిల్లల్ని బయటికి తెస్తూ కాలి చనిపోయిన టీచరమ్మ ఉంది చూడు, ఆమె తండ్రి."