బిస్కెట్ లేకపోయినా

“అల్లుడు మన పిల్లని కొడుతున్నాడేమోనండీ,” అంది ఆమె, బస్సు దిగీ దిగకముందే.

భర్త సంచీని ఒక భుజం మీంచి ఇంకో భుజానికి మార్చుకున్నాడు. “ఎవరు చెప్పారు?”

“ఎవరూ చెప్పలేదు. అదే నా భయం.”

“చెబితే భయపడతావు, చెప్పకపోయినా భయపడతావు. నీతో ఎలా వేగేదే? మొన్న వాళ్ళింట్లో గ్యాస్ పేలిందేమోనన్నావు. అంతకుముందు అల్లుణ్ణి కుక్క కరిచిందేమోనన్నావు.”

“కరవకూడదనేముంది? కుక్కలకి పాఠాలు చెప్పే ఉద్యోగమాయె!”

ఆమె భయానికి ఆమె లెక్క ఆమెకుంది. కూతుర్ని ఇంట్లో అందరూ వసపిట్ట అనేవారు. ఫోను చేసిందంటే పాలవాడి కొత్త మీసం దగ్గర్నుంచి పక్కింటి పిల్లి ఈనడం దాకా చెప్పిగానీ పెట్టేది కాదు. అలాంటిది పెళ్ళయి ఏడాది తిరక్కుండానే “ఆఁ, బాగున్నానమ్మా, ఉంటానమ్మా” దగ్గరికొచ్చింది. తన అనుమానమే నిజమైతే ఈసారి పిల్లని వెంటబెట్టుకునే తిరిగి రావాలని ఆమె గట్టిగా అనుకుని బయల్దేరింది.

కూతురు తలుపు తీసింది. దగ్గరికి తీసుకునే వంకతో ఆమె పిల్ల చేతులు, మెడ, వీపు తడిమి చూసింది.

“ఏంటమ్మా, సంతలో గేదెని చూసినట్టు?” కూతురు నవ్వింది.

మచ్చ లేదు, వాపు లేదు. ఆమెకి సగం ఊపిరి వచ్చింది.

అల్లుడు పెరట్లో ఎవరిదో కుక్కపిల్లకి పాఠం చెబుతున్నాడు. “రండి అత్తయ్యగారూ, కరవదు,” అంటూ గుప్పిట్లో ఉన్న చిన్న ప్లాస్టిక్ బిళ్ళని నొక్కాడు. టక్కుమంది. వెంటనే ఒక బిస్కెట్ ముక్క పెట్టాడు. మళ్ళీ టక్కు, మళ్ళీ ముక్క.

“ముందు ఈ చప్పుడు వెనకాలే తిండి వస్తుందని దానికి తెలియాలి. ఇప్పుడు చూడండి.” ఈసారి చప్పుడు చేశాడు గానీ ఏమీ పెట్టలేదు. అయినా కుక్కపిల్ల నోట్లోంచి చొంగ కారింది.

“ఓరి దీని దుంప తెగ! ఉత్త చప్పుడుకే?” అన్నాడు మామగారు.

“అంతే మామయ్యగారూ. ఇక కూర్చుంటే బిస్కెట్ ఇస్తాను. మీదికి దూకితే అటు తిరిగి నిలబడతాను. దేనివల్ల లాభముందో అది చేస్తుంది, దేనివల్ల లేదో అది మానేస్తుంది.”

“మరి మాట వినకపోతే కొట్టరా బాబూ?” అల్లుడి మొహంలోకే చూస్తూ అడిగిందామె.

“ఛ ఛ! కొడితే కుక్క పని నేర్చుకోదండీ, భయం నేర్చుకుంటుంది. ఆ భయం పోగొట్టడం ఇక నావల్ల కూడా కాదు.” అతను వంగి కుక్కపిల్ల చెవులు నిమిరాడు.

నోరులేని జీవం మీదే చెయ్యెత్తనివాడు పెళ్ళాం మీద ఎత్తుతాడా? ఆమె తన నెత్తిన తనే ఒకటి మొట్టుకోవాలనుకుంది.

సాయంత్రం ముందుగదిలో వసపిట్ట మళ్ళీ వసపిట్ట అయింది. పై వాటా ఆవిడ విగ్గుని గాలి ఎగరేసుకుపోయిన సంగతి, ఆవిడ నడకతో సహా చేసి చూపిస్తోంది. తండ్రి కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ నవ్వుతున్నాడు. ఇంతలో అల్లుడు పని ముగించుకుని లోపలికొచ్చాడు. ఎవరితోనూ ఏమీ అనలేదు. చేతి వాచీ విప్పి బల్ల మీద పెట్టాడు.

కూతురు లేచింది. టీవీ గొంతు తగ్గించింది. గడపలో అడ్డంగా ఉన్న చెప్పులు పక్కకి జరిపింది. తువ్వాలు, మంచినీళ్ళు తెచ్చి అందించి గోడవార నిలబడింది.

“తర్వాతేమైందే? విగ్గు దొరికిందా?” అంది తల్లి.

“ఏం లేదమ్మా. దొరికింది.”

“ఆపేశావేం, చెప్పు చెప్పు,” అన్నాడు అల్లుడు నవ్వుతూ.

“అంతేనండీ, అయిపోయింది.”

మామగారు భార్య చెవిలో గొణిగాడు. “చూశావా? నేను తువ్వాలు కోసం అరిస్తే వీధి చివరిదాకా వినపడుతుంది, నీకు మాత్రం వినపడదు. ఇక్కడ అబ్బాయి నోరు తెరవకుండానే అన్నీ నడిచొస్తున్నాయి. కూతుర్ని చూసి నేర్చుకో.”

మామూలుగా అయితే ఆమె దానికి రెండింతలు అంటించేది. ఆ పూట ఆ మాట కూడా తియ్యగానే ఉంది.

మర్నాడు పొద్దున్నే మగవాళ్ళిద్దరూ కుక్కల్ని తిప్పడానికి వెళ్ళారు. తల్లీ కూతుళ్ళు మంచం మీద ఆరిన బట్టలు పోసుకుని మడతలు పెడుతున్నారు. భయం పోయినా దాని అలవాటు పోలేదు ఆమెకి.

“ఒక మాట అడుగుతాను, నవ్వకూడదు.”

“నవ్వనులే, అడుగు.”

“నా పాడు బుర్ర సంగతి నీకు తెలుసుగా. అల్లుడు నిన్ను కొడుతున్నాడేమోనని వచ్చాను. లేదని నీ నోటితో ఒక్కమాట అను, నిశ్చింతగా బస్సెక్కుతా.”

కూతురు నవ్వలేదు. చేతిలో ఉన్న చొక్కా మడత పెట్టింది. విప్పింది. అంచులు సరిగ్గా కలిపి మళ్ళీ మడత పెట్టింది.

తల్లే నవ్వేసింది. “సరేలే, అడగడం నాదే తప్పు. ఎంత నెమ్మదస్తుడు! వచ్చిన దగ్గర్నుంచి ఈ ఇంట్లో ఒక్క గట్టిమాట విన్నానా?”

కూతురు చొక్కా మీంచి చూపు ఎత్తలేదు. గుండీలు ఒక్కొక్కటే వేసింది. తల్లి నవ్వు మెల్లగా మొహం మీదే ఆగిపోయింది. చేతిలోని దుప్పటి ఒళ్ళోకి జారిపోయినా తీసుకోలేదు. మడత పెట్టాల్సిన బట్టలు అలాగే ఉండిపోయాయి.

కూతురు తలెత్తింది.

“ఇప్పుడు కొట్టాల్సిన పని పడట్లేదమ్మా.”