గీతకు ఇవతలే

నా బల్ల మీద మెర్వ్ తెల్లకోటు పడి ఉంది. జేబులో సగం చప్పరించి కాగితంలో చుట్టి దాచుకున్న పిప్పరమెంటు బిళ్ల.

అది ఆటగాళ్ల మోకాళ్లకూ మడమలకూ నేను టేపు కట్లు వేసే బల్ల. ఆ కోటు మా క్లబ్బు గోల్ అంపైరుది.

మెర్వ్‌కి కళ్లలో శుక్లాలట. ఆ సంగతి మాకెప్పటినుంచో అనుమానమే.

చేతుల్తో పట్టుకుని కాళ్లతో తన్నే మా పల్లెటూరి ఫుట్‌బాల్ పోటీల్లో గోల్ అంపైరుని ఎవరి క్లబ్బు వాళ్లే తెచ్చుకోవాలి. శనివారం పొద్దుటికి మాకు మనిషి లేడు. ఆ రోజు గెలిస్తేనే ఫైనల్స్.

"మీ కీరన్‌ని అడగరాదూ?" అన్నాడు కోచ్ డగ్, నా మొహంలోకి చూడకుండా.

కీరన్ మా అక్క కొడుకు. ఈ గోధుమ పొలాల్లోంచి మెల్‌బోర్న్ వెళ్లి, పెద్ద క్లబ్బుకి ఆడి, జనం నెత్తిన పెట్టుకున్న పిల్లాడు. వాడు గాల్లోకి లేచి బంతి పట్టాడంటే ఎదుటి జట్టు వాళ్లు కూడా తిట్టడం మర్చిపోయేవాళ్లు.

మొదట కుడి మోకాలు పోయింది. ఆపరేషన్ చేయించుకుని వచ్చాడు. మళ్లీ అదే పోయింది. మళ్లీ వచ్చాడు. ఆ తర్వాత ఎడమది.

ఇంకొక్కసారి ఎగిరి దిగితే జీవితమంతా చేతికర్రే అని చెప్పేశారు డాక్టర్లు.

ఊరికి తిరిగొచ్చి ధాన్యం లారీ తోలుతున్నాడు. గ్రౌండు గేటు మాత్రం దాటడు.

శనివారాలు గోధుమ గిడ్డంగుల దగ్గర బండి ఆపుకుని కూర్చుంటాడు. గోల్ పడ్డప్పుడల్లా కంచె చుట్టూ ఉన్న కార్లు హారన్లు కొడతాయి కదా, అవి వింటూ ఉంటాడు. ఏ పక్క కార్లు మోగాయో కూడా పసిగడతాడు. ఆదివారం మా ఇంట్లో భోజనం చేస్తూ స్కోరు చెప్పేస్తాడు. ఆట చూడలేదంటాడు.



కోటు తీసుకుని గిడ్డంగుల దగ్గరికి వెళ్లాను.

"నిలబడితే చాలురా. రెండు స్తంభాల మధ్య. బంతి గీత దాటితే జెండాలు ఊపడమేగా. మెర్వ్ చేశాడంటే ఎవడైనా చేస్తాడు."

"నా వల్ల కాదు పిన్నీ."

"నిలబడ్డం కూడానా?"

"అంత దగ్గర్నుంచి చూడ్డం."

కోటు వాడి ఒళ్లో పెట్టి వచ్చేశాను.

సరిగ్గా ఆట మొదలయ్యే వేళకి వచ్చాడు. మెర్వ్ పొట్టివాడు. కోటు చేతులు కీరన్‌కి మోచేతుల దగ్గరే ఆగిపోయాయి.

"ఏం డాక్టరుగారూ, సూదులు తెచ్చారా?" అని కంచె దగ్గర్నుంచి ఎవరో అరిచారు.

కీరన్ నవ్వాడు. ఆ నవ్వు చూసి ఎన్నాళ్లయిందో.

ఆఖరి నిమిషానికి మేం మూడు పాయింట్లు వెనకబడి ఉన్నాం. గోల్ పడితే ఆరు. మా బ్రెట్ దూరం నుంచి బలంగా తన్నాడు. బంతి ఆకాశంలోకి లేచి తిన్నగా ఆ రెండు స్తంభాల మధ్యకే దిగుతోంది.

కార్లలో చేతులన్నీ హారన్ల మీదకి వెళ్లాయి.

కీరన్ తలెత్తాడు. ఆ చూపు నాకు తెలుసు.

"ఒరేయ్, వద్దురా!" అని అరిచాను.

రెండంగలు ముందుకేసి ఎగిరాడు. ఎదుటి జట్టు కుర్రాడి భుజం మీద మోకాలు ఆనించి, అందరి తలల కంటే పైకి లేచి, తెల్లకోటుతో సహా బంతిని రెండు చేతులా పట్టేశాడు.

మేమెవ్వరం బంతిని చూడలేదు. వాడి కాళ్లనే చూశాం.

దిగాడు. తూలాడు. నిలబడ్డాడు.

ఆ తర్వాత, ఇది నా చేతుల్లోకి ఎలా వచ్చిందన్నట్టు బంతి వైపు చూశాడు.

పెద్ద అంపైరు పరుగెత్తుకొచ్చాడు. "నువ్వు పట్టేలోగా గీత దాటిందా, లేదా? నువ్వే చెప్పాలి."

దాటిందని చెప్పమని డగ్ కంచె దగ్గర్నుంచి తల ఊపేస్తున్నాడు. ఊరు ఊరంతా లోపల్లోపల అలాగే తల ఊపుతోంది. నేనూ అంతే.

కీరన్ తన బూట్ల వైపు చూసుకున్నాడు. గీత వెనకాల ఉంది.

"దాటలేదు. ఇవతలే పట్టేశా."

గోల్ కాదన్నారు. పెద్ద అంపైరు బంతిని ఎగరేసి ఆట మళ్లీ మొదలుపెట్టాడు. ఎదుటివాళ్లు లాక్కుని అవతలికి తన్నేశారు. ఆట అయిపోయిందని సైరన్ మోగింది. మా ఫైనల్స్ అక్కడితో సరి.

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది!" అని డగ్ టోపీ నేలకేసి కొట్టాడు.

కీరన్ తల వంచుకుని కోటు గుండీలు విప్పుతున్నాడు. వీడిక ఈ జన్మలో గేటు దాటడు అనుకున్నాను. నా ఏడుపు నాకే వినపడింది.

అప్పుడు ఒక హారన్ మోగింది. ఎదుటివాళ్ల కార్ల వైపు నుంచి.

తర్వాత మా వైపు మెర్వ్ కారు. "ఏమైంది? ఏమైందర్రా?" అని అడుగుతూనే నొక్కుతున్నాడు మహానుభావుడు.

ఆ తర్వాత కంచె చుట్టూ అన్ని కార్లూ. డగ్ కూడా, తిట్టు ఆపకుండానే, తన బండి కిటికీలోంచి చెయ్యి లోపలికి పెట్టాడు.

కీరన్ గుండీలు విప్పడం ఆపి, అలాగే నిలబడి విన్నాడు.

చలికాలంతో పాటే సీజన్ అయిపోయింది. మెర్వ్ కళ్లు బాగుపడ్డాయి. కోటు మాత్రం తిరిగి అడగలేదు.

మళ్లీ ఏప్రిల్‌లో, కొత్త సీజన్ తొలి శనివారం, అందరికంటే ముందు కీరన్ వచ్చాడు. నా బల్లెక్కి కూర్చుని ప్యాంటు మోకాలి పైకి మడిచాడు.

"నిలబడే పనికి కట్టెందుకురా?"

"బంతి మళ్లీ అలాగే వచ్చిందనుకో పిన్నీ."

కొత్త టేపు చుట్ట విప్పాను. రెండో కాలు కూడా చాపమన్నాను.