బొమ్మల మిషన్ తాళంచెవి

సావిత్రమ్మను చంపింది మదనపల్లె మనుషులే. ఆమె మొగుడు దేవప్పకు ఇందులో అనుమానం లేదు.

రెండేళ్ళ కిందట మదనపల్లె బస్టాండులో ఆమె గుండె పట్టుకుని కూలిపోయింది. ఎవడో ఆసుపత్రిలో గోనెమూటలా దించేసి పోయాడు. ఆమె సంచిలో దొరికిన నంబరుకు ఆసుపత్రి నుంచి ఫోనొచ్చి, దేవప్ప పుంగనూరు నుంచి చేరేసరికి ప్రాణం లేదు. పక్కన మనిషి లేడు. ఆమె నడుముకు ఎప్పుడూ వేలాడే బొమ్మల మిషన్ తాళంచెవి కూడా లేదు.

"సచ్చేదాని నడుములో చెయ్యి పెట్టినారప్పా."

టీ అంగట్లో కొత్త ముఖం కనబడితే చాలు, దేవప్ప అక్కడి నుంచే మొదలుపెట్టేవాడు. వినేవాళ్ళు టీ సగంలోనే లేచిపోయేవాళ్ళు.

బొమ్మల మిషన్ అంటే మనిషెత్తు గాజు పెట్టె. రూపాయి బిళ్ళ వేస్తే లోపలి ఇనుప చెయ్యి దిగి బొమ్మను పట్టుకుంటుంది. బయటికి తెస్తే బొమ్మ మనది. ఇరవై ఏళ్ళు సావిత్రమ్మే దాన్ని నడిపింది. పుంగనూరు జాతరలో ఆదెప్ప రంగులరాట్నం పక్క చోటు ఆమెది.

జాతరలో ఒక కట్టు ఉంది. వరుసగా మూడేళ్ళు ఖాళీగా వదిలిన చోటు ఇంకొకరికి పోతుంది.

రెండేళ్ళు అయిపోయాయి. ఈ మంగళవారం జాతరలో మిషన్ నిలబడకపోతే సావిత్రమ్మ చోటు పోయినట్టే.

మిషన్ తిరగదు. తాళం పగలగొట్టడానికి దేవప్ప ఒప్పుకోడు. లోపల బొమ్మలు ఆమె పేర్చిన వరుసలోనే ఉన్నాయి.

ఆదివారం పొద్దున ఒక మనిషి భుజాన సంచితో దేవప్ప వాకిట్లో నిలబడ్డాడు. ముప్పై అయిదేళ్ళుంటాయి.

"బొమ్మల మిషన్ ఈడనేనా అప్పా? బాగుచేసేవాళ్ళు కావాలని కుప్పం జాతరలో అనుకుంటాంటే విన్యా."

"ఆదెప్ప పంపినాడా? రా. తాళం పగలగొడితే మాత్రం చెయ్యి ఇరిచేస్తా."

"పగలగొట్టను."

"అందురూ అట్లే అంటారు."

దేవప్ప తనకోసం టీ కాచుకుని వచ్చేసరికి గాజు తలుపు తెరిచి ఉంది. ఒక్క గీత పడలేదు.

"ఎట్ల తీస్తివి?"

"వచ్చింది లేప్పా."

"తాళాలు తీసే ఇద్దె బాగా వచ్చినట్టుండాదే."

ఆ మనిషి పనిలోకి దిగాడు. ఎలుకలు కొరికిన వైర్లు మార్చాడు. కాలిపోయిన మోటారు కాయిల్ విప్పి కొత్త తీగ చుట్టాడు. ఇనుప చేతి మూడు వేళ్ళకూ పట్టిన తుప్పు గీకాడు. బొమ్మలను ఒక్కొక్కటే దులిపి, తీసిన చోటే పెట్టాడు.

దేవప్ప అది చూశాడు. మెచ్చుకోలేదు.

"ఏనుగు ఎడమ మూలకు," అన్నాడు.

"ఆడనే పెట్టినాప్పా."

"కుప్పంలో మెకానిక్కువా?"

"ఇప్పుడు. ముందు మదనపల్లెలో ఆటో తోల్తాంటి."

దేవప్ప గ్లాసు కింద పెట్టాడు.

"ఎప్పుడు?"

"రెండేండ్ల ముందర. బస్టాండు కాడ."

"అయితే మా ఆడమనిషి పడిపోయిన పొద్దు నువ్వు ఆడనే ఉండావు."

"ఉండాను. అది చెప్దామనే..."

"ఏం చెప్తావు? నిలబడి సూసినానని చెప్తావా?"

"ఒక్క మాట ఇనప్పా."

"ఇనను. మాకు బిడ్డల్లేరు. ఒక్క కొడుకుంటే అది దిక్కులేకుండా పొయ్యేది కాదు. అంత ఊరుండి దాని పక్కన కూసునేదానికి ఒక్కడు లేడు. తాళంచెవి కొట్టేసేదానికి మాత్రం ఉండాడు. లెయ్ రా."

"రెండేండ్లుగా జాతర జాతరా ఈ మిషన్ కోసమే తిరిగినా. మీరు యాడా పెట్టకపోతిరి."

"యాల తిరిగితివి? తాళంచెవి సాల్లేదా? బొమ్మలు కూడా కావాల్నా?"

దేవప్ప సంచిని వీధిలోకి విసిరాడు. స్పానర్లు చెదిరిపోయాయి. ఆ మనిషి వంగి ఒక్కొక్కటే ఏరుకున్నాడు. ముఖం ఎర్రబడి ఉంది.

"మిషన్ తిరుగుతాది. వెనకపక్క ఒకసారి సూసుకో."

కూలి అడగలేదు. దేవప్ప పేరడగలేదు.

మధ్యాహ్నం దేవప్ప రూపాయి వేశాడు. ఇనుప చెయ్యి దిగింది. మూలనున్న ఏనుగును పట్టి, జారకుండా తెచ్చి ఇచ్చింది.

మిషన్ వెనక్కి పోయాడు. అక్కడ తగిలించిన తాళానికి తాళంచెవి వేలాడుతోంది. దానికి సావిత్రమ్మ పసుపుదారం.

"దొంగనాకొడుకు," అన్నాడు దేవప్ప. "వీడేనన్నమాట."

విసురుగా లాగాడు. దారం చేతికొచ్చింది.

దారం ఎక్కడా తెగలేదు. సావిత్రమ్మ ముడి విప్పడం దేవప్పకే ఏనాడూ చేతకాలేదు. దొంగైతే కోసుకుని పోవాలి. ఈ ముడి విప్పి ఉంది. ఆమె చేత్తో ఆమే విప్పి ఇచ్చింది.

దారం చివర మడతలు పెట్టి చుట్టిన కాగితం. ఆసుపత్రి చీటీ. వెనక మందులంగడి ముద్ర, ఆ రోజుది, టైముతో సహా. దేవప్ప ఆసుపత్రి మెట్లెక్కే వేళకు ఆ మనిషి మందులకోసం తిరుగుతున్నాడు. తిరిగొచ్చేసరికి మంచం ఖాళీ అయి ఉంటుంది.

చీటీలో పేరు రాయాల్సిన చోట 'బొమ్మల మిషనామె' అని ఉంది.

వెంట వచ్చినవారు ఏమవుతారు అన్నచోట ఒక్కటే మాట ఉంది. కొడుకు.

దేవప్ప బస్టాండుకు పరుగెత్తాడు. కుప్పం బస్సు పోయి గంటయింది. ఆదెప్పకు ఫోన్ చేశాడు.

"నేనెవుర్నీ పంపలేదే. వచ్చిందెవురు దేవప్పా?"

చెప్పడానికి దేవప్ప దగ్గర పేరు లేదు.

మంగళవారం సావిత్రమ్మ చోటులో మిషన్ నిలబడింది. పసుపుదారం దేవప్ప నడుముకు ఉంది. రంగులరాట్నం దగ్గర కొత్త పనివాళ్ళు టీ తాగుతున్నారు.

"వీళ్ళు నీ కత ఇన్లేదు దేవప్పా," ఆదెప్ప నవ్వాడు. "మదనపల్లోళ్ళ సంగతి మొదలుపెట్టు."

దేవప్ప గాజు తుడవడం ఆపలేదు.

"ఆ మాట ఇంక నా నోట రాదు. నన్నెవురూ అడగొద్దండి."