గంగమ్మ కుట్టిన వల

“ఎవడ్రా అది, అమ్మవారి వల మీద కూర్చుంది?”

కులపెద్ద జక్కయ్య కేకకు పాకలోని ముసలివాడు ఉలిక్కిపడి లేచాడు.

జాతర ముందురోజు వలపాకలోకి ఎవరూ పోకూడదు. ఆ కృష్ణ ఒడ్డు పల్లెలో అది కట్టుబాటు. ఏడాదంతా ఎలుకలు కొరికిన వలను ఆ రోజు గంగమ్మే వచ్చి కుడుతుందని నమ్మకం. చిరుగులన్నీ ఎర్రదారంతో ముడిపడి ఉంటాయి. అమ్మవారి కుంకుమదారమని అందరూ కళ్లకద్దుకుంటారు.

ఇప్పుడు పల్లెలో చేపలు పట్టేవాళ్లు లేరు. మగాళ్లంతా మాచర్ల వైపు రాళ్లు కొట్టి, నడుములు పడిపోయి వస్తున్నారు. జాతరనాడు ఆ వలనే ఏట్లో వేస్తారు; ఈసారి అది ఖాళీగా వస్తే జాతర ఆపేద్దామంటున్నారు. జక్కయ్య గుబులంతా అదే.

“ఏ ఊరు నీది?”

“సముద్రపొడ్డు అయ్యా. మాదీ వలల ఊరే. ఉప్పెనకు పోయింది.”

“ఇక్కడేంది నీ పని?”

ముసలివాడు వల వంక చూశాడు.

“చెప్పేది కాదులే అయ్యా. ఈ పూట ఉండనియ్యి. పొద్దున్నే పోతా.”

“మైల చేసిందిగాక మాటలొకటా!”

జక్కయ్య రెక్క పట్టుకుని బయటికి నెట్టాడు. ముసలివాడి దుప్పటి పాకలోనే పడిపోయింది.

“పెద్దోడయ్యా, ఇంత ముద్దన్నా పెడదాం” అంది భార్య శేషారత్నం.

“నువ్వూరుకోవే!”

ముసలివాడు కాళ్లీడ్చుకుంటూ వెళ్లిపోయాడు.

మర్నాడు డప్పులు మోగాయి. అమ్మ కుట్టే ఉంటుందని ఎవరూ వల విప్పి చూడలేదు. జక్కయ్యే విసిరాడు. తాడు బరువుగా గుంజింది. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి.

సగం లాగేసరికి వల తేలికైపోయింది.

మూరెడు చిరుగు. చేపలన్నీ జారిపోయాయి.

“అమ్మ ఈ ఏడు కుట్టలేదు” అంటూ జక్కయ్య తడి ఇసుకలో కూలబడ్డాడు. “చాల్లే. ఇక ఆపేద్దాం.”

కాదనే ఓపిక ఎవరికీ లేదు.

శేషారత్నం పాకలోకి వెళ్లింది. మూలన ముసలివాడి ఎర్ర దుప్పటి పడి ఉంది. పసిబిడ్డకు కూడా చాలనంత పొట్టిది. ఒక అంచు పోగులు పోగులుగా ఊడి ఉంది. ఊడిన పోగుల్ని పేని, వెదురుసూదికి చుట్టి ఉంచారు.

ఆమె ఆ సూది తెచ్చి, వలలోని పాత ముడుల పక్కన పెట్టింది.

“ఆయన పేరేందయ్యా?”

“అడగలేదే” అన్నాడు జక్కయ్య.

ఏటా గంగమ్మదని ఊరంతా కళ్లకద్దుకున్న దారం, ఆ ముసలివాడు కప్పుకునే దుప్పట్లోది.