డ్రమ్‌గారా వాకిట్లో వేట

తెల్లవారుజామున పోయిన సర్ జెర్విస్‌కి చెల్లెలు హెస్టర్ ఎర్ర వేటకోటు తొడుగుతోంది.

ఒక చెయ్యి దూరింది. రెండోది మొండికేసింది.

"బతికున్నప్పుడూ ఇంతే. ఎవరి మాట విన్నాడు గనక," అంది హెస్టర్.

ఆమెకి ఏడుపు వస్తోంది. ఏడవడానికి మధ్యాహ్నం ఉంది.

క్రిస్మస్ మర్నాడు నక్కల వేట డ్రమ్‌గారా బంగళా వాకిట్లోంచే బయల్దేరాలి. తాతల నాటి నుంచీ అంతే. ఐర్లండ్‌లో దొరల రోజులు పోయాయి, పొలాలు పోయాయి, పైకప్పు సగం పోయింది. ఈ మర్యాద ఒక్కటే మిగిలింది.

ఇంట్లో శవం ఉందంటే గుర్రాలు గేటు దాటి రావు. అవతల పందిమాంసం ఫ్యాక్టరీ యజమాని క్రీగన్, వేట తన వాకిట్లోంచి బయల్దేరాలని కొత్త పచ్చిక పెంచుకుని కాచుకున్నాడు. ఒక్కసారి అటు వెళ్ళిన వేట మళ్ళీ ఇటు రాదు.

హెస్టర్, వంటమనిషి బ్రైడీ కలిసి పెద్దాయన్ని మేడమీద కిటికీ ముందు కూర్చోబెట్టారు. పక్షవాతం వచ్చినప్పటి నుంచీ ఆయన అక్కడి నుంచే చెయ్యి ఊపేవాడు.

"కిటికీ తెరవాలమ్మగారూ. ప్రాణం బయటికి పోవద్దూ?" అంది బ్రైడీ.

"గాలికి టోపీ ఎగిరిపోతుంది. కాసేపు ఆగమను. నువ్వు వెనక నక్కి మోచెయ్యి పట్టుకో. మరీ ఊపకు, ఆయన అంత కలుపుగోలు మనిషి కాదు."

"పాపం కదమ్మా ఇది?"

"మీ కేథలిక్ చర్చిలో పాపమేమో. మా చర్చిలో ఎవరూ అడగలేదు."

కాసేపటికి వాకిలి నిండా గుర్రాలు, కుక్కలు.

హెస్టర్ మెట్ల మీద నడుం నిటారుగా నిలబడి, వెండి పళ్ళెంలో అందరికీ పోర్ట్ వైన్ అందించింది. రౌతులంతా కిటికీ వైపు టోపీలెత్తారు.

పైన చెయ్యి లేచింది. కాస్త వంకరగానే అయినా, లేచింది.

"ఈ ఏడు పెద్దాయన ఒళ్ళు కుదుటపడ్డట్టుందే," అన్నాడు క్రీగన్, మొహం మాడ్చుకుని.

"మావన్నీ మొండి ప్రాణాలు," అంది హెస్టర్. గర్వంతో ఆమె గుండె నిండిపోయింది.

కొమ్ము ఊదారు. అందరూ కదిలారు.

వేటకి పెద్ద, కెప్టెన్ హ్యాకెట్ మాత్రం గుర్రం దిగి వెనక్కి వచ్చాడు. టోపీ చేతిలో ఉంది.

"ఎప్పుడు?" అన్నాడు మెల్లగా.

"తెల్లారకముందే."

"చెబితే ఆపేసేవాళ్ళం కదండీ."

"అందుకే చెప్పలేదు."

ఆయన ఒకసారి పైకి చూశాడు.

"మరి వచ్చే ఏడు కిటికీలో ఎవరుంటారు?"

"నేనుంటాను. బతికుంటే సరే. లేకపోతే, బ్రైడీకి పని వచ్చేసిందిగా."

కెప్టెన్ నవ్వలేదు.

గుర్రం ఎక్కకుండా, కళ్ళెం చేత్తో పట్టుకుని, గేటు దాకా నడిచే వెళ్ళాడు.